వీధిపోటు తలుపు

మీరు ఇంటికి తాళం వేసుకుని బయటికి పోయేటప్పుడు లోపల ఉన్న మనిషిని ఏ వరసలో వేసుకుంటారు? మనుషుల వరసలోనా, బీరువాలోని నగల వరసలోనా?

ఈ ప్రశ్న మా బావను అడిగితే ఆయన నవ్వాడు. "నగలకంటే మీ అక్కే నాకు ఎక్కువ మరదలా. అందుకే కదా రెండు తాళాలు వేసేది" అన్నాడు. అది అబద్ధం కాదు. మా అక్కంటే ఆయనకు ప్రాణం. నేను చెప్పబోయే సంగతిలో దుర్మార్గుడు ఎవడూ లేడు. ప్రేమ ఉంది, ముందుజాగ్రత్త ఉంది, వాస్తు ఉంది. ఈ మూడూ కలిసి ఒక పగటిపూట మా అక్కను చంపబోయాయి.

బావ వాళ్లది పులివెందుల పక్కన, లింగాల వైపు పల్లె. చీనీ, అదే బత్తాయి, తోటలున్న కుటుంబం. కూతురి చదువు కోసమని ప్రొద్దుటూరులో ఇల్లు కట్టారు. ఇల్లు పూర్తయ్యేసరికి కూతురు పెద్ద చదువుకని కడపలో హాస్టల్‌లో చేరింది. ఇంట్లో మిగిలింది అక్క, బావ. బావ పొద్దున్నే తోటకు పోతే చీకటి పడేలోగా వస్తాడు. అక్కకు చిన్నప్పటినుంచి ఉబ్బసం. నేను జమ్మలమడుగులో బడిపంతులమ్మను. తీరిక దొరికినప్పుడు వేదికలెక్కి జాతకాల మీద, ముహూర్తాల మీద వాదిస్తుంటాను. అందువల్ల చుట్టాల ఇళ్లలో నా మాటకు విలువ తక్కువ, కాలక్షేపం ఎక్కువ.

బంగారు అంగళ్లకు పేరుపడ్డ ప్రొద్దుటూరులో బంగారం ఎంత ఉందో నాకు తెలియదు. బంగారం పోతుందన్న భయం మాత్రం, బంగారం లేని ఇళ్లలో కూడా ఉంది. ఒకరోజు ఇద్దరు మనుషులు నగలకు మెరుగు పెడతామంటూ అక్క ఇంటికి వచ్చారు. అక్క వాళ్లకు నగలు ఇవ్వలేదు. ఎండన పడి వచ్చారని మజ్జిగ ఇచ్చింది. ఆ సాయంత్రం పక్క వీధిలో ఎవరో గాజులు పోగొట్టుకున్నారని తెలిసింది. మా బావకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

"నీకు మజ్జిగ ఇయ్యడం వస్తాది గానీ మనిషిని చూడ్డం రాదు" అని అక్కతో అన్నాడు. "రేపట్నుంచి నువ్వు ఎవురికీ తలుపు తీసే పన్లేదు. నేనే ఏసుకుని పోతా."

అలా మొదలైంది. వరండాకు ఇనుప గ్రిల్ గేటు, దానికో తాళం. లోపల టేకు తలుపు, దానికి గోడలోకి మూడు కమ్మీలు దిగే తాళం. ఆ తాళం అమ్మిన అంగడివాడు, దీన్ని ఎంత పాతకాపు దొంగైనా పగలగొట్టలేడని ప్రమాణం చేశాడట. కిటికీలకు కడ్డీలు, కడ్డీల వెనక దోమతెర. వీధి వైపు కెమెరాలు. లింగాల తోటలో చెట్టు కింద కూర్చుని ఫోన్లో తన గేటును తాను చూసుకోవచ్చు, గేటు దగ్గరున్న వాళ్లను కెమెరా లోంచే అదిలించవచ్చు. కరెంటు పోయినా కెమెరాలు పనిచేయాలని వాటికి ఇన్వర్టరు కలిపించాడు. వంటింట్లో పొగ లాగే మిషనుకు కలిపించలేదు. పొగను దొంగలు ఎత్తుకుపోరు కదా.

ఇదంతా కనిపించే శత్రువుల కోసం. కనిపించని శత్రువుల కోసం వేరే ఏర్పాట్లు ఉన్నాయి. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ, దాని పక్కన నాలుక చాపిన రాక్షసుడి బొమ్మ, నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చిన దారం, నల్లతాడుకు కట్టిన పటిక ముక్క. ఒకసారి నేను ఆ గుమ్మం ముందు నిలబడి, "బావా, దొంగను కెమెరా చూస్తాది, కెమెరాను రాక్షసుడు చూస్తాడు. మరి రాక్షసుణ్ణి ఎవరు చూస్తాండారు?" అని అడిగాను.

"నువ్వు చూస్తాండావు కదా" అన్నాడు బావ. "నీకంటే పెద్ద దిష్టి ఈ ఊర్లో ఇంకేముండాది?"

ఆ మాటకు నేనూ నవ్వాను. మా బావ మాటకారి. వేదిక మీద అలాంటి వాడు ఎదురు కూర్చుంటే నాకు ఇష్టం.

ఇంతవరకూ ఫరవాలేదు. ఎందుకంటే ఇంటికి వెనక ఒక తలుపు ఉంది. వంటింట్లోంచి దక్షిణం వైపు తెరుచుకునేది. దాని ముందు గిన్నెలు కడుక్కునే గచ్చు, ఆ గచ్చు దాటితే సందు. ఆ సందు నేరుగా వచ్చి ఆ తలుపుకే తగులుతుంది. ముందు వైపు రెండు తాళాలు వేసి బావ వెళ్లిపోయినా, అక్క వెనక తలుపు గడియ తీసుకుని గడప మీద కూర్చునేది. సందులో ఎదురింట్లో ఉండే ముస్లిం ఆమెను అక్క వదినా అని పిలిచేది. వాళ్లిద్దరూ ఆ గడప మీద కూరగాయలు తరుక్కుంటూ ఊరందరి సంగతులూ తరిగేవాళ్లు. బావకు ఆ తలుపు సంగతి తెలుసు. కానీ దానికి బయటి నుంచి తాళం వేసే వీల్లేదు.

ఆ తలుపుకు చావు వాస్తు రూపంలో వచ్చింది.

ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నాను. బావ ఒక వాస్తు పండితుణ్ణి పిలిపించాడు. ఆయన ఇల్లంతా తిరిగి, వంటింట్లోకి వచ్చి, వెనక తలుపు తీసి, సందు వైపు చూసి, పాము కనిపించినట్టు వెనక్కి అడుగు వేశాడు.

"వీధిపోటు" అన్నాడు. "దక్షిణం నుంచి సూటిగా పొడుస్తాంది. ఇంటి ఆడమనిషి ప్రాణానికి గండం."

సరిగ్గా అప్పుడే హాల్లో ఉన్న అక్క దగ్గింది. ఆయన వేలెత్తాడు.

"వినపడిందా? ఆ దగ్గేది ఆయమ్మ కాదు. పోటు."

"సామీ, మా అక్కకు ఉబ్బసం పుట్టినప్పట్నుంచి ఉండాది" అన్నాను. "అప్పుటికి ఈ ఇల్లు లేదు, ఈ సందు లేదు."

ఆయన ఏమాత్రం తడబడలేదు. "రాబోయే ఇల్లు ముందే పిలుస్తాది తల్లీ" అన్నాడు.

ఈ జవాబు ఎంత బాగుందో చూడండి. దీన్ని ఓడించే సాక్ష్యం ఈ లోకంలో పుట్టలేదు, పుట్టదు. జబ్బు ఇంటి తర్వాత వస్తే ఇంటివల్ల వచ్చింది, ముందే వస్తే ఇల్లు పిలిచింది. నేను ఊరుకోలేదు. దిక్కులు భూమి మీద గీసిన గీతలు కావన్నాను. సందుకు కత్తి లేదన్నాను. వీధి చివర కట్టిన ఇళ్లన్నిటిలో ఆడవాళ్లు చచ్చిపోయి ఉంటే ఈపాటికి ఈ ఊరి జనాభా సగమై ఉండేదన్నాను. పండితుడు చిరునవ్వుతో కాఫీ తాగాడు. బావ, "మైకు లేకుండానే ఇంత గొంతా మరదలా!" అని మెచ్చుకున్నాడు.

చివరికి ఆయనకు అర్థమయ్యే భాషలో చెప్పాలని చూశాను.

"బావా, మీ తాతల కాలంలో పల్లెలో మీ ఇంటికి ఎన్ని వాకిళ్లు ఉండె?"

"మూడు."

"ఎందుకు?"

"ఎందుకంటే... ఆ దినాలు అట్లాంటివి. కొడవండ్లు పట్టుకుని ముందర్నుంచి వస్తే వెనక నుంచి పోయేదానికి."

"చూసినావా? నిజంగా పగోళ్లు ఉన్నోళ్లు మూడు వాకిళ్లు పెట్టుకున్నారు. పగోడు ఒక్కడు కూడా లేని నువ్వు ఉన్న రెండిట్లో ఒకటి మూసుకుంటాండావు."

బావ ఒక్క క్షణం ఆలోచనలో పడ్డాడు. నేను గెలిచాననే అనుకున్నాను. అప్పుడు పండితుడు కాఫీ గ్లాసు కింద పెట్టి, మెల్లగా, "మీ ఇష్టం అప్పా. ఆయమ్మకు ఏమన్నా అయితే నేను చెప్పలేదనొద్దు" అన్నాడు.

అంతే. ప్రేమించే మనిషి ముందు ఆ మాట వేస్తే ఏ తర్కమూ నిలబడదు. ఆయన అమ్మేది భయం కాదు, భయం లేకుండా ఉండే అనుమతి. అక్క గుమ్మంలోకి వచ్చి, "ఆ వాకిలి నాది. నాకు గాలొచ్చేది ఆడ్నించే" అంది. ఎవరి ప్రాణం కోసం ఇంత చర్చ జరుగుతోందో ఆ మనిషి మాట్లాడిన మాట అదొక్కటే. పండితుడు వినలేదు, ఎందుకంటే గండం ఉన్నవాళ్ల మాట గండమే పలికిస్తుంది. బావ వినలేదు, ఎందుకంటే ఆయనకు ఆమె కావాలి.

మరుసటి రోజే తలుపు పీకేసి, ద్వారబంధం మధ్య ఇటుక నిలబెట్టి, ఒక వరస గోడ కట్టి, లోపలా బయటా సున్నం కొట్టించారు. వంటింటి వైపు గోడలో నిలువు గూడు ఒకటి మిగిలింది. ఖాళీగా ఉంచడం ఎందుకని అక్క అందులో ఏడాదికి కొన్న ఎండుమిరపకాయల గోతం పెట్టింది. ప్రతి అమావాస్యకూ ఆ మూసిన చోట ధూపం వేయాలనీ, ఇంటావిడకు దిష్టి తీసి ఆ మిరపకాయలు అక్కడే నిప్పుల్లో వేయాలనీ పండితుడు చెప్పి పోయాడు.

ఉబ్బసం ఉన్న మనిషికి మందు ఎండుమిరప పొగ. దీన్ని నేను కల్పించి రాస్తే మీరు నమ్మరు.

ఆ తర్వాత నేను అక్కను చూడబోతే వీధి కిటికీ దగ్గరే మా మాటలు. నేను వరండా పక్కన కుండీ గట్టు మీద కూర్చునేదాన్ని, అక్క కడ్డీల వెనక. మేమిద్దరం దానికి ములాఖత్ అని పేరు పెట్టుకున్నాం. "జైల్లో అయితే వారానికొకసారి ఎండలో తిప్పుతారంట మే" అని అక్క నవ్వేది. నవ్వితే దగ్గొచ్చేది.

అక్క ప్రాణం మీదికి వచ్చిన రోజు కూడా ఒక అమావాస్యే. బడికి సెలవు. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి కట్టుకుని జమ్మలమడుగులో బస్సెక్కాను. ఎండలు ముదిరిన కాలం. ప్రొద్దుటూరులో దిగేసరికి కరెంటు లేదు, ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చి విసనకర్రలతో విసురుకుంటోంది.

గేటు దగ్గరికి పోయేసరికి కళ్లు మండాయి. ఎవరో తాలింపు మాడ్చారనుకున్నాను. అక్కను పిలిచాను. కిటికీలో మొహం కనిపించింది. దోమతెరకు నోరు ఆనించి గాలి పీలుస్తోంది. ఆమె వెనక హాలు బూడిద రంగులో ఉంది.

"అక్కా! ఏందక్కా అది?"

ఆమె ఏదో చెప్పబోయింది. మాట రాలేదు. చెయ్యి వంటింటి వైపు చూపించింది. తర్వాత గొంతు పట్టుకుంది. తన పీల్చే మందు వంటింట్లోనే ఉందని, అక్కడికి పోలేనని చెబుతోంది. కాసేపటికి మొహం కిటికీలోంచి కిందికి జారిపోయింది.

నేను గేటు పట్టుకుని ఊపాను. అప్పుడు రాక్షసుడి బొమ్మ మాట్లాడింది.

"ఏయ్! ఎవురది? గేటు వదులు!"

బొమ్మ పక్కనున్న కెమెరాలోంచి వచ్చింది మా బావ గొంతు.

"బావా, నేను!"

"నువ్వా మరదలా? అట్ల గుంజుతాండావు ఏంది? దాని చక్రాలు పోతాయి."

"ఇంట్లో పొగ బావా! అక్కకు ఊపిరాడ్డం లేదు. తాళం యాడ?"

"నా జేబులో ఉండాది."

"నువ్వు యాడుండావు?"

"లింగాలలో. తోటలో."

"ఇంకో తాళం?"

"బీరువాలో. భద్రంగా ఉండాది" అన్నాడు. అన్న తర్వాత ఆయనకే ఆ మాట వినపడినట్టుంది. ఆ వెంటనే కెమెరాలోంచి బండి స్టార్టు చేసిన చప్పుడు వచ్చింది.

అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేశాను. బండి బయలుదేరుతోందన్నారు. అంబులెన్సుకూ చేశాను. వీధిలోని మగవాళ్లు రాయి తెచ్చి గేటు తాళం మీద కొట్టారు. తాళం అంగడివాడు చెప్పింది నిజం. అది పగల్లేదు. దాన్ని దాటినా ఇంకా మూడు కమ్మీల టేకు తలుపు ఉంది. ఒకతను కిటికీ దోమతెర చీల్చాడు. కడ్డీల్లోంచి చెయ్యి మాత్రమే పోయింది. కింద పడి ఉన్న అక్క తలకు ఆ చెయ్యి అందలేదు. మా అందరి తలల పైనుంచి మేమెవరమో కెమెరా శ్రద్ధగా రికార్డు చేసుకుంటోంది.

అప్పుడు వెనక సందు వదిన ఇల్లు చుట్టి పరుగెత్తుకొచ్చింది. చున్నీ నడుముకు చుట్టుకుని ఉంది.

"ఆడ ఏం గుంజుతాండావమ్మే, ఎనక్కి రా! జల్దీ!" అని నా రెక్క పట్టి లాగింది. "ఆ గోడ ఎంతుండాది! అప్పడం అంతుండాది. కట్టేటప్పుడు నా గడప మీద కూసోని సూసినా."

మేం సందులోకి చేరేసరికి ఆమె ఇంటాయన గడ్డపార తెస్తున్నాడు. ఆ తర్వాత జరిగింది నేను ఎప్పుడు తలుచుకున్నా నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ సందు నేరుగా ఆ గోడకే వచ్చి తగులుతుంది కదా. వదిన వేసిన కేకకు సందు ఆ చివర్నుంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. ఏ మలుపూ లేదు, ఏ అడ్డూ లేదు. బిందెలతో, పారలతో, ఒకామె రోకలితో. దక్షిణం నుంచి సూటిగా వచ్చారు. పండితుడు చెప్పిన పోటు ఇదే అయి ఉంటే, ఆ రోజు అంత బలంగా పొడిచిన పోటు ఇంకొకటి లేదు.

నాలుగు పోట్లకు ఇటుకలు లోపలికి పడ్డాయి. కన్నంలోంచి ఘాటు పొగ మా మొహాల మీదికి తన్నింది. మిరపకాయల గోతం నివురుకప్పి కాలుతోంది. నీళ్లు పోశారు. వదిన తడి చున్నీ మూతికి చుట్టుకుని వంగింది. ఆమె లోపలికి దూరబోయేలోగా పొగలోంచి, నేల మీది నుంచి, ఒక చెయ్యి వచ్చింది. గోడ పగిలే చప్పుడు విని అక్క హాల్లోంచి వంటింటి దాకా పాక్కుంటూ వచ్చింది. తన తలుపు ఉన్న చోటికే వచ్చింది.

ఆమెను కన్నంలోంచి బయటికి లాగి వదిన ఇంటి గడప మీద కూర్చోబెట్టి, వంటింట్లోకి పోయి పీల్చే మందు తెచ్చి నోట్లో పెట్టాం. అంబులెన్సు కూడా ఆ సందులోకే వచ్చింది.

ఆస్పత్రిలో ముక్కుకు మాస్కు పెట్టి పడుకోబెట్టాక ఆమె పెదవులకు రంగు వచ్చింది. బావ తోట మట్టి కాళ్లతోనే వచ్చాడు. గుమ్మంలో నిలబడి లోపలికి రావడానికి భయపడ్డాడు. తర్వాత మంచం కాళ్ల వైపు కూర్చుని అక్క పాదం పట్టుకున్నాడు. ఆ క్షణంలో ఆయనతో వాదించే బుద్ధి నాకు పుట్టలేదు.

ఏం జరిగిందో ఆయనే చెప్పాడు. పొద్దున అక్కకు ఆయాసం ఎక్కువగా ఉందని దిష్టి తీశాడు. మిరపకాయలు కుంపట్లో వేశాడు. ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. ఆ వేళకు ఘాటు రాలేదు. బొగ్గులు సరిగా రాజుకోలేదు, అంతకంటే ఏమీ లేదు. ఆయనకు మాత్రం ఊరి కళ్లన్నీ తన భార్య మీదే కనిపించాయి. ఇంకో పిడికెడు వేశాడు. చీనీకాయలు కొనేవాళ్లు తోటకు వచ్చామని ఫోన్ చేస్తే, కుంపటిని గూటి దగ్గరికి జరిపి, తాళాలు వేసుకుని పోయాడు. బొగ్గు దొర్లి గోతానికి అంటుకుంది.

చెప్పడం అయిపోయాక ఆయన కళ్లు తుడుచుకుని, "పొద్దున నేను దిష్టి తీయబట్టి సరిపోయింది. తీయకపోయింటే ఈ పొద్దు ఏమయ్యుండునో" అన్నాడు.

నేను నోరు తెరిచాను. అక్క చెయ్యెత్తి నన్ను ఆపింది. మాస్కు తీసింది.

"నువ్వు గమ్మునుండు. నువ్వు వాస్తు తప్పని వాదిచ్చినావు, ఈయన ఒప్పని వాదిచ్చినాడు. నడిమధ్య నా వాకిలి పాయె." ఊపిరి తీసుకుంది. "ఇంగ నేను మాట్లాడతా. నాకు వాకిలి పెట్టేదాకా నేను ఆ ఇంట్లో కాలు పెట్టను."

ఆస్పత్రి నుంచి ఆమె నేరుగా జమ్మలమడుగుకు, నా దగ్గరికి వచ్చేసింది.

బావ పండితుడికి ఫోన్ చేశాడు. ఆయన ఏమన్నాడనుకుంటున్నారు? సిగ్గుపడ్డాడా? గండం వచ్చి గోడను తీసుకుని పోయిందట. గోడ తన ప్రాణమిచ్చి మనిషిని కాపాడిందట. ఇప్పుడు కన్నం తెరిచి పెడితే వెళ్లిపోయిన గండం వెనక్కి తిరుగుతుందట, కాబట్టి ఈసారి రెండు వరసల ఇటుకతో కట్టాలట. తలుపు ఆమె ప్రాణం తీస్తుందన్న మనిషి, తలుపు లేక ప్రాణం పోబోయిన తర్వాత కూడా నెగ్గాడు. ఇలాంటి వాళ్లతో నేను ఇన్నేళ్లుగా నెగ్గుదామని చూస్తున్నాను!

ఒక సాయంత్రం బావ నా ఇంటికి వచ్చాడు. అక్క వరండాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"రాలేదే నువ్వు" అన్నాడు బావ.

"పెట్టినావా?"

"ఇను. మళ్లీ కట్టనులే. కటకటాలు పెట్టిస్తా. గాలాడతాది. బయట తాళం..."

"నీ చీనీకాయలకు పెట్టుకో కటకటాలు."

"దొంగలొస్తే?"

"వస్తే రానీ. దొంగ సొమ్ము కోసం వస్తాడు. నా ఊపిరి కోసం రాడు. దానికోసం వచ్చింది నువ్వు." గొంతు పెంచకుండా అంది. "నీకు తోటలో ఎన్ని గేట్లు ఉండాయి? ఆవులు పోయేదానికి ఒకటి, ట్రాక్టరు పోయేదానికి ఒకటి. నేను పోయేదానికి ఒకటి అడుగుతాండా."

బావ ఊరి పక్కన పారే పెన్నా నది వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన బాధ నాకు తెలుసు. తలుపు పెడితే ఈమె చచ్చిపోతుందని ఒక మనిషి చెప్పాడు. పెట్టకపోతే ఈమె రానంటోంది. నమ్మకం మారలేదు. కానీ ఇంట్లో మనిషి లేదు. ఎవరి ప్రాణం కోసం ఇల్లంతా ఇనుముతో కట్టాడో ఆ ప్రాణం పక్క ఊళ్లో చింతపండు పిక్కలు తీసుకుంటోంది. కాపలా కాసేందుకు గోడలు మిగిలాయి.

"సరేలే" అన్నాడు చివరికి. "నీకేమన్నా అయితే మాత్రం నన్ననొద్దు."

"నాకేమన్నా అయితే నేనెట్ల అంటాను సామీ" అంది అక్క.

తలుపు పెట్టించాడు. మంచి గట్టి తలుపు. దొంగ బయటి నుంచి తీయలేనిది, లోపలి మనిషి తాళంచెవి లేకుండా తీయగలిగేది. అలాంటివి ఉంటాయని ఆయనకు అంతకుముందు తెలియదా? తెలుసు. లోపలి మనిషి తనంతట తాను తీసుకోవడం భద్రత కిందికి వస్తుందని తెలియదు.

అక్కను దిగబెట్టడానికి నేనూ పోయాను. ముందు గేటు నుంచి కాకుండా సందులోంచే నడిచి పోయాం. వదిన తన గడప మీద నిలబడి, "ఏమ్మే, సెలవులు అయిపాయెనా?" అని కేకేసింది. బావ కొత్త తలుపును కొత్త కోడలిలా చూపించాడు. గడియ పైన, మనిషి తల ఎత్తున, నున్నగా మెరుస్తోంది.

మేం ముగ్గురం లోపలికి పోయాక అక్క తలుపు వేసింది. గడియ పెట్టింది. తర్వాత నేల మీద కూర్చుంది. మోకాళ్ల మీద వంగి, ఒక చెయ్యి నేలకు ఆనించి, రెండో చెయ్యి పైకి చాపింది. గడియ అందలేదు.

"ఏం జేస్తాండావు మే?" అన్నాడు బావ.

"ఆ పొద్దు నేను నిలబడి రాలేదు" అంది అక్క. "పాక్కుంటా వచ్చినా. ఈ గడియ పీకి, పాకేదానికి అందేంత కిందికి పెట్టియ్యి."

బావ వడ్రంగిని మళ్లీ పిలవడానికి వెళ్లాడు.

ఇది చదివిన మీరు నన్ను మెచ్చుకోవద్దు, మా బావను తిట్టొద్దు. ఆ పండితుణ్ణి నేను చూసుకుంటాను. మీరు చేయాల్సింది వేరే ఉంది. ఈ పుస్తకం పక్కన పెట్టి లేవండి. మీ ఇంట్లో అందరికంటే ఊపిరి తక్కువున్న మనిషి ఎవరో వాళ్లను పిలవండి. తలుపులన్నీ మీరు రోజూ వేసినట్టే వేయండి. ఆ మనిషిని నేల మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని బయటికి రమ్మనండి. మీరు సాయం చేయొద్దు, చూస్తూ నిలబడండి. రాలేకపోతే, మీ ఇంట్లో ఏ తాళం, ఏ గోడ, ఏ నమ్మకం అడ్డం వచ్చిందో దాన్ని ఈ పూటే పీకేయండి.